జోడేఘాట్‌కు ఎన్ని మార్కులు?

పోయినేడు దసరా సెలవుల్లో మా ఊరి అమ్మాయి ఒకామె ఇంటర్ చరిత్ర గైడు పట్టుకొని మా ఇంటికి వచ్చింది. హాస్టల్లో ఉండి హెచ్‌ఈసీ చదువుతోంది. చిన్నప్పుడు నా దగ్గరే అక్షరాలు దిద్దుకుంది. వాకిట్లో కూర్చుని అడిగింది:

"సార్, భీం చనిపోయిన తారీఖు ఏది రాయాలె? గైడుల సెప్టెంబరు 1 అని ఉన్నది. పోటీపరీక్షల పుస్తకంల అక్టోబరు 27 అని ఉన్నది. మనోళ్లేమో జోడేఘాట్‌ల పున్నం నాడు చేస్తరు. మూడిట్ల ఏది నిజం?"

నేను ఇరవై ఏళ్లుగా పంతులు పని చేస్తున్నవాణ్ణి. ఆ పిల్లకు నేను చెప్పిన జవాబు ఇది: "మార్కులు కావాలంటే గైడుల ఉన్నదే రాయి." ఆమె తలూపి వెళ్లిపోయింది.

రెండేళ్ల ఇంటర్ చదువులో ఆ అమ్మాయి అడిగిన అసలైన చరిత్ర ప్రశ్న బహుశా అదొక్కటే. దాన్ని నేనే మూసేశాను. ఆ సిగ్గుతోనే ఈ వ్యాసం రాస్తున్నాను. నేను చరిత్రలో ఎం.ఏ. చేసినవాణ్ణి కాను. 1990లలో ఇంటర్ హెచ్‌ఈసీ, ఆ తర్వాత టీచర్ ట్రైనింగ్ డిప్లొమా, అంతే నా చదువు. ఆశ్రమ పాఠశాలలో చిన్న తరగతులకు చెబుతాను. సాయంత్రం స్టడీ అవర్‌లో పెద్ద తరగతుల పిల్లల పుస్తకాలు కూడా నా చేతికి వస్తాయి. ఆ పుస్తకాలను, వాటిని మనం చదివించే తీరును పరిశీలించడమే ఇక్కడ నా పని.

పున్నమిని లెక్క కట్టవచ్చు

సెలవులు అయిపోయాక ఆ మూడు తేదీలనూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. రెండు అచ్చులో ఉన్నవి. మూడోది మన పెద్దల నోట ఉన్నది. అచ్చులో ఉన్నదాన్ని సాక్ష్యమని, నోట ఉన్నదాన్ని నమ్మకమని అనడం మనకు బడిలో నేర్పిన అలవాటు. కానీ పున్నమి అనేది లెక్క కట్టగలిగిన మాట.

1940 అక్టోబరు 1న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. మన దేశంలో కనబడలేదు. దక్షిణ అమెరికాలో, దక్షిణాఫ్రికాలో చూశారు. సూర్యగ్రహణం అమావాస్య నాడే వస్తుందని అయిదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. అమావాస్యకూ అమావాస్యకూ మధ్య సుమారు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. ముందుకు లెక్కిస్తే ఆ నెల పున్నమి అక్టోబరు 16న పడుతుంది. ఆ ఏటి ఆశ్వయుజ పున్నమి అదే. వెనక్కి లెక్కిస్తే అంతకుముందు అమావాస్య సెప్టెంబరు 1, 2 తేదీల దగ్గర పడుతుంది. అంటే గైడు చెప్పిన రోజు రాత్రి ఆకాశంలో చంద్రుడే లేడు. అక్టోబరు 27 నాటికి పున్నమి దాటి పదకొండు రోజులైంది. పెద్దలు చెప్పే పున్నమి ఈ రెండు తేదీల్లో దేనికీ కుదరదు.

అంతమాత్రాన మన పెద్దలే గెలిచారని చప్పట్లు కొట్టకూడదు. వర్ధంతి జరిపే తిథిని తర్వాతి కాలంలో నిర్ణయించుకుని ఉండవచ్చు. అచ్చులోని తేదీ ఏదో దస్త్రంలో రిపోర్టు రాసిన రోజు అయి ఉండవచ్చు. ఈ లెక్క రుజువు చేసింది ఒక్కటే: మూడూ ఒకేసారి నిజం కాలేవు. ఇక తర్వాతి ప్రశ్నలు వస్తాయి. ఈ తేదీని మొదట రాసింది ఎవరు? ఏ కాగితం చూసి రాశారు? మిగతా పుస్తకాలు దాన్ని చూసి రాసుకున్నాయా, విడిగా వెతికాయా? జోడేఘాట్‌లో పున్నమి నాడు చేయడం ఎప్పుడు మొదలైంది, మొదట చేసినవాళ్లలో భీంను ఎరిగినవాళ్లు ఎందరున్నారు?

పైస్థాయి చరిత్ర చదువంటే ఇదే అని నేను అనుకుంటున్నాను. పదో తరగతిలో పది తేదీలుంటే ఇంటర్‌లో వంద తేదీలు ఉండటం పైస్థాయి కాదు. ఒక్క తేదీ దగ్గర ఆగి, అది ఎక్కడి నుంచి వచ్చిందో అడగగలగడం పైస్థాయి. ఆ అమ్మాయి అడిగింది. చెప్పాల్సిన నేను ఆగలేదు.

హెచ్‌ఈసీ అంటే ఎవరికి?

మన ప్రాంతాల్లో పదో తరగతి మంచి మార్కులతో పాసైన పిల్లవాణ్ణి ఎంపీసీలో వేస్తాం, లేకపోతే బైపీసీలో వేస్తాం. అక్కడ సీటు రానివాడికి సీఈసీ. ఏదీ దొరకనివాడికి హెచ్‌ఈసీ. ఈ వరస మనం పెట్టింది కాదు గానీ మనమూ పాటిస్తున్నాం. నేనే ఎంతమంది తల్లిదండ్రులకు "తెలివైన పోరడు, చరిత్రల వెయ్యకుండ్రి" అని చెప్పానో లెక్క లేదు. డాక్టరు కావడం, ఇంజినీరు కావడం వద్దని అనను. కానీ ఒక జాతి తన తెలివైన పిల్లలెవరినీ చరిత్ర వైపు పంపకపోతే, ఆ జాతి చరిత్రను ఎప్పుడూ ఇతరులే రాస్తారు.

హెచ్‌ఈసీలో చేరిన పిల్లలకైనా అందుతున్నదేమిటి? నా రోజుల్లో లెక్చరర్ నోట్సు చెప్పేవారు, మేం రాసుకునేవాళ్లం. ఇంట్లో గోండి, పుస్తకంలో తెలుగు, అందులోనూ సంస్కృతం కలిసిన తెలుగు. పది మార్కుల జవాబుకు ఇన్ని పేజీలు, రెండు మార్కులకు ఇన్ని వరుసలు. "కారణాలు వివరింపుము, ఫలితాలు వివరింపుము." ఈ కారణాలు ఎవరు తేల్చారు అని అడగమని ఏ ప్రశ్నపత్రమూ చెప్పలేదు. ఇప్పుడు నోట్సు చెప్పడం తగ్గింది. దాని స్థానంలో గైడు వచ్చింది, సెల్‌ఫోన్‌లో పీడీఎఫ్ వచ్చింది. పద్ధతి మారలేదు.

పుస్తకంలో మనం ఎప్పుడు కనబడతాం?

పిల్లల పుస్తకాలను, గైడులను వరసగా చదివితే నాకు మూడు లోపాలు కనబడ్డాయి.

మొదటిది, మనం తిరగబడినప్పుడే ఉంటాం. 1860లో నిర్మల్‌లో రాంజీ గోండును ఉరితీశారు. 1940లో భీం జోడేఘాట్‌లో చనిపోయాడు. మధ్యలో ఎనభై ఏళ్లు. ఈ ఎనభై ఏళ్లూ గోండులు ఎక్కడికి పోయారు? అడవిని రిజర్వు చేసి హద్దురాళ్లు పాతింది అప్పుడే. బయటి రైతులు వచ్చి నల్లరేగడి భూములు పట్టా చేయించుకున్నది అప్పుడే. 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయింది. పోడును నేరం చేసింది, పశువుల మేతకు పన్ను వేసింది ఆ కాలమే. ఇవి చదవకుండా 1940 ఎలా అర్థమవుతుంది? ఏ కారణం కనబడకపోతే పిల్లవాడు "భీంకు కోపమెక్కువ" అని రాస్తాడు. నా దగ్గర ఒకడు అలాగే రాశాడు.

రెండోది, ఒక్క వీరుడి కథ. 1922లో గూడెం కొండల్లో ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకెళ్లారు. పాఠం మొత్తం అల్లూరి సీతారామరాజు చుట్టూ తిరుగుతుంది. ఆయన త్యాగాన్ని తక్కువ చేయను. 1924 మే 7న ఆయనను కాల్చి చంపారు. కానీ మైదానం నుంచి వచ్చిన ఒక యువకుడి వెంట కొండ మనుషులు ఎందుకు నడిచారు? అంతకు నలభై మూడేళ్ల ముందే, 1879లో, అదే ప్రాంతంలో రంప ఫితూరీ జరిగింది. అప్పుడు మన్‌సబ్‌దారు పన్నులు, ఇంటి అవసరానికి గీసుకునే కల్లు మీద కూడా ఆంక్షలు, మైదానపు షావుకార్ల కోర్టు డిక్రీలు. తర్వాత 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ తర్వాత రోడ్డు పనుల్లో వెట్టి. ఇన్నాళ్ల కసి అది. గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు ఒక వాక్యంలో వచ్చి వెళ్లిపోతాయి. మల్లుదొర శిక్ష అనుభవించి తిరిగి వచ్చి, 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడని ఎంతమంది పిల్లలకు తెలుసు? మన్యం తిరుగుబాటు నుంచి పార్లమెంటు దాకా నడిచిన మనిషి జీవితం ఒక పాఠానికి చాలదా?

మూడోది మాటల సంగతి. "అమాయక గిరిజనులు", "రెచ్చిపోయారు", "చెలరేగారు". రైతులు పోరాడతారు, కార్మికులు ఉద్యమిస్తారు, మనం మాత్రం చెలరేగుతాం. ఫితూరీ అన్న మాట కూడా సర్కారు దస్త్రాల్లో నిలిచిన మాటే. ఆ మాట వాడవద్దని నేను చెప్పను. ఒకే సంఘటనను దస్త్రం ఫితూరీ అంది, పుస్తకం తిరుగుబాటు అంది, మనం పోరాటం అన్నాం. మూడు మాటలూ బోర్డు మీద రాసి, ఒక్కొక్క మాట వెనక మాట్లాడుతున్నది ఎవరో పిల్లలను చెప్పమంటే, ఆ పీరియడులో వాళ్లు నేర్చుకునేది గైడు మొత్తం చదివినా రాదు.

మంచి నమూనాలు లేవని కాదు. ఏకలవ్య పాఠశాలల్లో చదివే మన పిల్లల చేతికి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకాలు వస్తున్నాయి. పన్నెండో తరగతి చరిత్ర మూడో భాగంలో రాజమహల్ కొండల పహాడియాల గురించి, సంతాల్‌ల గురించి ఒక పాఠం ఉంది. బుకానన్ అనే కంపెనీ ఉద్యోగి ఆ కొండల్లో తిరిగి రాసుకున్న దినచర్యను ముందు పెట్టి, ఆయన ఎవరి కోసం తిరిగాడు, ఏం చూశాడు, ఏం చూడలేదు అని అడిగిస్తుంది. పహాడియాల బొరిగెకూ సంతాల్‌ల నాగలికీ మధ్య తగవును కూడా దాచదు. ఆదివాసులంతా ఒక్కటే అని తేల్చి పారేయదు. ఆ పద్ధతి నాకు నచ్చింది. లోటల్లా ఏమిటంటే, ఆ పాఠం చదివిన పిల్లవాడు రాజమహల్ దగ్గరే ఆగిపోతాడు. అదే కన్నుతో తన ఊరిని చూడమని చెప్పే మనిషి అక్కడ ఉండాలి.

ఆ మనిషి పిల్లల భాష తెలిసినవాడైతే ఆ పని ఇంకా బాగా జరుగుతుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. దాన్ని మనం ఉద్యోగాల సమస్యగానే మాట్లాడుకున్నాం. గోండి, కోయ, కొలామీ తెలిసిన పంతులు లేని బడిలో ముసలివాళ్ల మాట తరగతి గదిలోకి ఎలా వస్తుందన్నది కూడా అందులో ఉంది.

చట్టం ఒప్పుకున్నది బడి ఒప్పుకోదా?

"మన దగ్గర రాతలు లేవు కదా సార్, మరి చరిత్ర ఎట్ల రాస్తరు?" అని యువకులు అడుగుతుంటారు. రాతలు అసలే లేవనుకోవడం పొరపాటు. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి లిపిలో రాతప్రతులు దొరికాయి. 2018లో ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. రాతకు బయట ఉన్నదీ తక్కువ కాదు. కీక్రి వాయిస్తూ పర్ధాన్ చెప్పే వంశకథలున్నాయి. కెస్లాపూర్ నాగోబాకు మెస్రం వంశం వాళ్లు గోదావరి జలం కోసం కాలినడకన వెళ్లే దారి ఉంది. ఆ దారిలో ఏ ఊళ్లో ఆగుతారో, ఎందుకు ఆగుతారో అడిగితే అదే ఒక పటం.

ఇప్పుడు ఒక విషయం గమనించండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా కోసం దరఖాస్తు పెట్టేటప్పుడు, 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ భూమి మన సాగులో ఉందని చూపాలి. దేన్ని సాక్ష్యంగా తీసుకోవాలో ఆ చట్టం నిబంధనల్లో 13వ నిబంధన చెబుతుంది. సర్కారు కాగితాలతో పాటు, దరఖాస్తుదారు కాని పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అదీ సాక్ష్యమే. బావులు, శ్మశానాలు, దేవతల స్థలాలు, వంశవృక్షం, ఇవీ సాక్ష్యాలే. ఒక్కటి చాలదు, ఒకటి కంటే ఎక్కువ చూపాలి.

ఇది చరిత్రకారుడు చేసే పనే కదా! పెద్దల మాట రాసుకోవాలి, దాన్ని పాత కాగితంతో పోల్చాలి, నేల మీది గుర్తుతో సరిచూడాలి. చట్టం సాక్ష్యమని ఒప్పుకున్న ముసలమ్మ మాటను మన చరిత్ర తరగతి ఇంకా కట్టుకథ అంటోంది. మా చుట్టుపక్కల ఊళ్లలో ఎన్నో దరఖాస్తులు సరైన సాక్ష్యం జతచేయక తిరిగి వచ్చాయి. పెద్దలు లేక కాదు, వాళ్ల మాటను పేరు, వయసు, తేదీ, ఎలా తెలుసు అన్న వివరాలతో రాసే పిల్లలు లేక. ఇంటర్ దాకా చరిత్ర చదివినవాళ్లు ఆ ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు మొదటి పానిపట్టు యుద్ధం తేదీ తెలుసు. మా తాత పోడు ఎప్పుడు కొట్టాడో రాయడం మాత్రం ఎవరూ నేర్పలేదు.

మన తప్పులు కూడా

ఇంతవరకు పుస్తకాలను అన్నాను. ఇప్పుడు మనల్ని.

మనం కోరుకుంటున్నది చాలాసార్లు ఇంకో విగ్రహం, ఇంకో జయంతి, పుస్తకంలో ఇంకో వీరుడి పేరు. అవి వద్దనను. కానీ ప్రశ్న అడగనివ్వని వీరపూజ గైడుకు మరో రూపమే. "జల్, జంగల్, జమీన్ అన్న నినాదం భీం ఇదే మాటల్లో ఇచ్చాడని ఎక్కడ ఉంది సార్?" అని ఒక పిల్లవాడు అడిగితే మనలో కొందరికి కోపం వస్తుంది. కోపం ఎందుకు? వెతుకుదాం. భీం గురించి మనకు తెలిసినదాంట్లో ఎంత పెద్దల నోటి నుంచి వచ్చింది, ఎంత అల్లం రాజయ్య, సాహు రాసిన నవల నుంచి వచ్చింది, ఎంత సినిమా నుంచి వచ్చింది, విడదీసి చూద్దాం. నవల నవలగా గొప్పది కావచ్చు, దాన్ని దస్త్రంగా వాడకూడదు. 2022లో వచ్చిన సినిమా చూసి రామరాజు, భీం స్నేహితులని పరీక్షలో రాసిన పిల్లలు నాకు తెలుసు. రామరాజు చనిపోయిన పదహారేళ్లకు జోడేఘాట్ జరిగింది. ఇద్దరూ కలిశారనడానికి ఆధారం లేదు. ఆ సినిమా కల్పన అని తీసినవాళ్లే చెప్పారు. పిల్లలకు ఆ తేడా చెప్పాల్సింది మనం.

హైమన్‌డార్ఫ్ విషయంలోనూ అంతే. మార్లవాయిలో ఆయనను దేవుడిలా తలుస్తారు. 1943లో అక్కడ గోండు టీచర్ల శిక్షణ మొదలైంది. మనలో ఎన్నో కుటుంబాలకు అక్షరం అక్కడి నుంచే వచ్చింది. ఆ కృతజ్ఞత ఉండాలి. అయితే జోడేఘాట్‌లో నెత్తురు పారాకే నిజాం ప్రభుత్వం ఆయనను గోండుల మధ్యకు పంపిందన్నదీ మరువరాదు. ఆయన పుస్తకాలు మన మీద ప్రేమతో రాసినవి, సర్కారుకు సలహా చెప్పే మనిషి రాసినవి. రెండూ నిజమే. రెండూ తలలో పెట్టుకుని చదవాలి.

మన్యంలో ముఠాదారులూ ఆదివాసులే. సర్కారు తరఫున పన్ను వసూలు చేసిందీ వాళ్లే. ముఠాదారు పోగొట్టుకున్నది అధికారం, రైతు పోగొట్టుకున్నది పోడు. ఇద్దరి బాధా ఒకటే అని రాస్తే మన పాఠం కూడా అబద్ధమే అవుతుంది. ఆడవాళ్ల మాట మన కథల్లోనూ తక్కువే.

ఇంద్రవెల్లి మన అందరికీ పరీక్ష. 1981 ఏప్రిల్ 20న సభకు వచ్చిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. పౌరహక్కుల వాళ్లు, ఊళ్లవాళ్లు చెప్పిన సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. అక్కడ కట్టిన స్తూపాన్ని ఒకసారి కూల్చారు, మళ్లీ కట్టారు. నేను ఊహ తెలియని పసివాడినప్పటి సంగతి ఇది. చూసినవాళ్లు ఇంకా ఉన్నారు, ఏటేటా తగ్గిపోతున్నారు. రెండు లెక్కల్లో మనకు నచ్చినదాన్ని అరిచి చెప్పడం తేలిక. ఒక్కొక్క ఊరికీ వెళ్లి, ఆ రోజు సభకు వెళ్లి తిరిగి రానివాళ్ల పేర్లు ఇంటింటా రాసుకోవడం కష్టం. ఆ రెండో పని ఇంటర్ పిల్లలు చేయగలరు.

రేపు బడిలో ఏం చేద్దాం?

సిలబస్ మారేదాకా ఆగక్కర్లేదు. తొమ్మిదో తరగతి నుంచి ప్రతి పిల్లవాడితో ఒక ఊరి చరిత్ర నోటుపుస్తకం పెట్టిద్దాం. సెలవుల్లో ముగ్గురు పెద్దలను అడగాలి, వాళ్లలో ఒకరైనా ఆడమనిషి కావాలి. చెప్పినవాళ్ల పేరు, వయసు, అడిగిన తేదీ, తాము చూసిందా విన్నదా, విన్నదైతే ఎవరి నోట అన్నది రాయాలి. గోండిలో చెబితే గోండి మాటలోనే, తెలుగు లిపిలో రాసుకోవాలి. దానికి ఎదురు పేజీలో దొరికిన కాగితం పెట్టాలి: పాత పహాణీ, 1/70 కేసు నోటీసు, పన్ను రసీదు. రెండూ కలిసినచోట ఒక గీత, కలవనిచోట రెండు గీతలు. రెండు గీతలున్న పేజీలే మన అసలు పాఠాలు.

తెలివైన పిల్లల్లో ఏటా ఒకరిద్దరినైనా ధైర్యంగా హెచ్‌ఈసీకి పంపుదాం. గురుకుల కాలేజీల్లో ఆ గ్రూపు లేనిచోట అడుగుదాం. టీచర్ ట్రైనింగ్ తీసుకుంటున్న మన యువకులు ప్రాక్టికల్ రికార్డులో కాపీ పాఠం బదులు ఒక ముసలాయన మాట రాసుకొస్తే, దిద్దే లెక్చరర్లు దానికి మార్కులు వేయాలి.

సంక్రాంతికి ఆ అమ్మాయి మళ్లీ ఊరికి వచ్చినప్పుడు నేనే వాళ్లింటికి వెళ్లి, నా జవాబు తప్పని చెప్పాను. గ్రహణం లెక్క చూపించాను. ఆమె వేళ్ల మీద మళ్లీ లెక్కించి సరిచూసింది. "మరి పరీక్షల ఏది రాయాలె సార్?" అంది. పరీక్షలో మీ పాఠ్యపుస్తకంలో ఉన్నది రాయి, నీ నోటుపుస్తకంలో మూడూ రాయి, ఒక్కొక్కదాని పక్కన ఎవరు చెప్పారో రాయి అన్నాను. రాసింది. కింద ఇంకో వరుస తానే చేర్చింది: "జోడేఘాట్‌ల ముసలోళ్లను అడగాలె." వచ్చే ఆశ్వయుజ పున్నానికి ఇద్దరం కలిసి వెళ్తున్నాం.